పనామె జీతం గడియారం చూసి లెక్కకట్టండి

కొత్త ఇంట్లోకి మారిన వారం లోపలే వాచ్‌మన్ భార్యో, ఎదురింటివాళ్లో ఒకామెను వెంటబెట్టుకొస్తారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఇల్లంతా ఒక్క చూపుతో కొలుచుకుంటుంది. "ఎంతమంది ఉంటరమ్మా? బాత్రూములు ఎన్ని?" అని అడుగుతుంది. "ఎంత తీసుకుంటావు?" అని మనం అడుగుతాం. ఆమె ఒక అంకె చెబుతుంది. మనం అలవాటుగా ఐదొందలు తగ్గిస్తాం. ఆమె ఒక్క క్షణం ఆగి, సరేనంటుంది. రెండు నిమిషాల్లో అయిపోయిన ఆ బేరంతో ఇంకో ఇంట్లో నెలంతా బియ్యం, అద్దె, ఫీజు గడవాలి.

నేనూ అలాగే బేరమాడాను. కొన్నేళ్ల కిందట కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాట్‌కు మారినప్పుడు పక్కింటావిడ ఎంత ఇస్తోందో కనుక్కుని, అంతే ఇస్తానన్నాను. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తుడవడం, వారానికోసారి రెండు బాత్రూములు కడగడం. నెలకు 2,500. ఆమె ఒప్పుకుంది కాబట్టి అది సరైన జీతమే అనుకున్నాను.

ఆ వేసవిలో చెల్లెలి పెళ్లని ఆమె పాలమూరు వైపు వాళ్ల ఊరికి పది రోజులు వెళ్లింది. పని నా మీద పడింది. మొదటి రోజు నడుం పట్టేసింది. రెండో రోజు, అసలు ఎంతసేపు పడుతోందో చూద్దామని ఫోన్‌లో టైమర్ పెట్టాను. అంట్లకు 35 నిమిషాలు, ఊడ్చి తుడవడానికి 40 నిమిషాలు. బాత్రూములు రెండూ కలిపి అరగంట. సెలవుల్లేకుండా ముప్ఫై రోజులకు లెక్కేస్తే ముప్ఫై తొమ్మిదిన్నర గంటలు. నేనిస్తున్న జీతాన్ని దానితో భాగిస్తే గంటకు 63 రూపాయలు వచ్చింది.

అదే వారం వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి ఇరవై నిమిషాలు పనిచేసి 400 తీసుకున్నాడు. నేను మారుమాట్లాడకుండా ఇచ్చాను. అతని దగ్గర రాని బేరం ఆమె దగ్గర ఎందుకు వచ్చిందని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అతని పనికి ఒక రేటు ఉందని నమ్మాను. ఆమె పనికీ రేటు ఉంటుందని నాకు తట్టనే లేదు. మన అమ్మలు జీతం లేకుండా జీవితమంతా చేసిన పని అది. అందుకే దానికి విలువ కట్టడం మనకు చేతకాలేదు.

పనామె జీతాన్ని పక్కింటిని చూసి నిర్ణయించకండి. పని ఎంతసేపు పడుతుందో, ఆ సమయం ఆమె రోజులో ఎంత భాగమో చూసి లెక్కకట్టండి. దీనికి ఒక కాగితం, ఒక గడియారం, ఓ గంట తీరిక ఉంటే చాలు.

మొదటి మెట్టు: పని రాసుకోండి

"ఇంటిపని" అని ఒక్క మాటలో అనేస్తే అందులో ఏది ఉందో, ఏది లేదో ఇద్దరికీ తెలియదు. మాటల్లో అంట్లు, ఊడవడం, తుడవడం అని మొదలవుతుంది. నెల తిరిగేసరికి ఆరిన బట్టలు మడతపెట్టడం వస్తుంది. తర్వాత శుక్రవారం పూజ సామాను తోమడం, బాల్కనీ కడగడం, చుట్టాలొస్తే రెండింతల అంట్లు, సంక్రాంతి ముందు బూజులు దులపడం. ఏ పనికాపని చిన్నదే. అన్నీ కలిస్తే రోజుకు ఇరవై నిమిషాలు. జీతం మాత్రం మొదటి రోజు చెప్పిందే.

కాగితం మీద మూడు గళ్లు గీయండి. రోజూ చేసేవి ఒక గడిలో, వారానికోసారి చేసేవి ఒక గడిలో, పండక్కో చుట్టాలొచ్చినప్పుడో చేసేవి ఒక గడిలో రాయండి. మొదటి రెండు గళ్లూ నెల జీతంలోకి వస్తాయి. మూడో గడిలోవి పై పనులు. వాటికి ఆ రోజే విడిగా డబ్బివ్వాలి. బూజులు దులిపే రోజున ఆమె మూడు గంటలు ఎక్కువ ఉంటే ఆ మూడు గంటలకూ లెక్క ఉండాలి. "వంటింట్లో పులిహోర ఉంది, పట్టుకెళ్లు" అనడం ప్రేమే కావచ్చు. అది ఆ మూడు గంటల కూలి మాత్రం కాదు.

రెండో మెట్టు: మీరే ఒకసారి చేసి చూడండి

వీలైతే ఒక ఆదివారం ఆమెకు సెలవిచ్చి, ఆ పనులన్నీ మీరే చేయండి. మీ వారితోనో, ఎదిగిన పిల్లలతోనో చేయించండి. ప్రతి పనికీ పట్టిన నిమిషాలు రాయండి. మీకు అలవాటు లేదు కనుక కాస్త ఎక్కువ పట్టవచ్చు. ఆమె చేసేటప్పుడు కూడా రెండు మూడు రోజులు గమనించి సరిచూసుకోండి. ఆమె వెనకాల గడియారం పట్టుకుని నిలబడొద్దు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ చాలు.

ఒక హెచ్చరిక. చెయ్యి తిరిగిన మనిషి ముప్పావు గంటలో ముగించే పని మనకు గంటన్నర పట్టిందంటే, ఆమె త్వరగా వెళ్లిపోతోందని జీతం కోయకూడదు. ఆ వేగం ఏళ్ల తరబడి మోకాళ్లు అరగదీసుకుని సంపాదించిన నేర్పు. నేనైతే ఆమె సమయానికీ నా సమయానికీ మధ్య అంకె తీసుకుంటాను.

మూడో మెట్టు: ఆమె రోజును చూడండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టే. మన ఇంట్లో ఆమె గంటంబావు ఉంటుంది. ఆమె పనిరోజు అంతకన్నా చాలా పొడుగు. ఆరున్నరకు ఇల్లు వదిలితే మూడింటికి తిరిగొచ్చే మనిషిని అనుకుందాం. ఎనిమిదిన్నర గంటలు. ఇందులో ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కు నడక ఉంది. గేటు దగ్గర రిజిస్టరులో రాసి, లిఫ్టు కోసం నిలబడటం ఉంది. "ఇంకా నిద్ర లేవలేదు, కాసేపాగి రా" అన్న ఇల్లు ఉంది. ఎక్కడో మెట్ల మీద కూర్చుని తినే టిఫిన్ ఉంది. ఇవన్నీ పోగా జీతం వచ్చే పని ఆరు గంటలు ఉంటే గొప్ప. ఒంట్లో శక్తి ఉన్నంతవరకు ఐదిళ్లు, మహా అయితే ఆరిళ్లు. అంతకు మించి ఆ రోజులో చోటు లేదు.

కాబట్టి ఆరు గంటల పనితో ఆమెకు పూర్తి నెల సంపాదన రావాలి. నడిచిన సమయానికీ కాచుకున్న సమయానికీ ఎవరూ డబ్బివ్వరు. అది గంట రేటులోనే కలిసి ఉండాలి.

పూర్తి రోజు కష్టపడే మనిషికి నెలకు కనీసం ఎంత రావాలి? ఈ అంకె మీరు మీ ఊరి ధరలను బట్టి వేయాలి. నేను మా ఇంట్లో పనిచేసే ఆమెనే అడిగాను. ఒక గది, వంటచోటు ఉన్న ఇంటికి కరెంటుతో కలిపి అద్దె 6,000. సరుకులు, కూరగాయలు, గ్యాస్ 7,000. ఇద్దరు పిల్లల బడి, పుస్తకాలు 3,000. మందులు, ఫోను 2,000. మొత్తం 18,000. చిట్టీకి, అప్పుకు, పెళ్లిళ్లకు ఇందులో ఒక్క రూపాయి లేదు. "మరి వాళ్ల ఆయన సంపాదనో?" అంటారు. అడ్డా మీద కూలికి నిలబడే మనిషికి పని దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. ఆ ఇంటి అద్దె నమ్ముకున్నది ఈమె జీతాన్నే.

నాలుగో మెట్టు: ఇప్పుడు లెక్క

నెలకు నాలుగు సెలవులు పోగా 26 పనిరోజులు అనుకుందాం.

ఆమె వైపు లెక్క: రోజుకు 6 గంటల చొప్పున 26 రోజులకు 156 గంటలు. 18,000ను 156తో భాగిస్తే గంటకు సుమారు 115 రూపాయలు.

మన ఇంటి లెక్క: రోజుకు 75 నిమిషాల చొప్పున 26 రోజులకు ముప్ఫై రెండున్నర గంటలు. బాత్రూములకు నెలకు రెండు గంటలు. మొత్తం ముప్ఫై నాలుగున్నర గంటలు.

ఈ రెండింటినీ గుణిస్తే 3,968. నాలుగు వేలు అనుకోండి.

నేనిస్తున్న 2,500 పక్కన ఈ అంకె రాసుకున్నప్పుడు సిగ్గేసింది. మీ ఊళ్లో అద్దెలు తక్కువైతే అంకె తగ్గుతుంది, గచ్చిబౌలి పక్కన ఉంటే పెరుగుతుంది. అంకె మారినా లెక్క కట్టే పద్ధతి ఇదే. ఐదిళ్లవాళ్లూ ఇలాగే లెక్కకడితే ఆమె నెల నిలబడుతుంది. ఒక ఇల్లు తగ్గిస్తే ఆ లోటు పూడ్చుకోవడానికి ఆమె ఆరో ఇంటికి పరుగెత్తాలి.

పక్కింటి రేటు, సర్కారు రేటు

చుట్టుపక్కల ఎంత నడుస్తోందో కనుక్కోండి. తప్పులేదు. మీ లెక్క కన్నా అక్కడి రేటు ఎక్కువుంటే ఆ ఎక్కువే ఇవ్వండి. తక్కువుంటే మీ లెక్కనే నమ్మండి. కొన్ని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఎవరూ ఇంతకు మించి ఇవ్వొద్దు, రేట్లు పాడైపోతాయి" అని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఆ మాటకు తలూపకండి. మన కంపెనీలన్నీ కూడబలుక్కుని మన జీతాలు పెంచకూడదని తీర్మానించుకుంటే మనం దాన్ని అన్యాయమే అంటాం కదా.

అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద ఇంటిపనిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే జాబితాలో చేర్చింది. కార్మిక శాఖ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యాన్ని సవరిస్తూ వస్తోంది. ఆ రేట్లు ఒకసారి చూసుకోండి. అయితే అవి పూర్తి రోజు పనికి కట్టిన కనీస రేట్లు. గంటా గంటన్నర చొప్పున ఇళ్లు తిరిగే మనిషికి అదే గంట రేటు సరిపోదు, నడక సమయం అందులో లేదు కనుక. ఇంటి పనివారికి గౌరవమైన పని హక్కు గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న 189వ ఒడంబడికను ఆమోదించింది. భారత్ దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ఇంటి పనివారి రక్షణకు ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చేదాకా ఆమెకు న్యాయం జరగాలంటే అది మన గుమ్మం దగ్గరే జరగాలి.

డబ్బు చాలకపోతే పని తగ్గించండి

"నాలుగు వేలు నా వల్ల కాదు" అనేవాళ్లు ఉంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, పింఛను మీద బతికే పెద్దవాళ్లు అన్నా అనగలరు. వాళ్లకు నేను చెప్పేది ఇది: గంట రేటు తగ్గించకండి, గంటలు తగ్గించండి.

పై ఇంటినే తీసుకుందాం. ఊడవడం, తుడవడం కలిపి 40 నిమిషాల్లో తుడవడానికి 25 పడుతుంది. దాన్ని రోజు విడిచి రోజు చేస్తే నెలకు ఐదు గంటల పైన మిగులుతుంది. బాత్రూములు మనమే కడుక్కుంటే ఇంకో రెండు గంటలు. మిగిలిన ఇరవై ఏడు గంటలకు 115 చొప్పున జీతం 3,100 దగ్గరికి వస్తుంది. మీ ఖర్చు తగ్గింది. ఆమె గంట రేటూ తగ్గలేదు. ఆ ఏడు గంటలూ ఇంకో ఇంటికి అమ్ముకోగలదు.

సెలవులు, బోనసు, అడ్వాన్సు

జీతం ఎంతన్న దానితోపాటు అది ఎప్పుడు కోస్తారన్నదీ మొదటి రోజే తేలాలి. ఎక్కువ గొడవలు నాగాల దగ్గరే వస్తాయి.

నెలకు నాలుగు సెలవులు జీతంతో ఇవ్వండి. ముందురోజు చెబితే చాలు, కారణం అడగక్కర్లేదు. జ్వరం వస్తే విడిగా ఏడాదికి పది రోజులైనా జీతంతో ఉండాలి. జ్వరంతో వచ్చి చన్నీళ్లలో చేతులు పెట్టే మనిషిని చూస్తూ కూర్చోవడం కంటే ఆ సెలవు రోజుల డబ్బు ఎక్కువ కాదు.

మీరు ఊరెళ్లినప్పుడు జీతం కోయకండి. దసరాకు మనం పది రోజులు వెళ్లిపోతే ఆ పది రోజులూ ఆమె అదే వేళను మన కోసం ఖాళీగా ఉంచుకుంటుంది. ఆ వేళకు ఇంకో ఇల్లు ఒప్పుకోదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గేట్లు మూసి పనివాళ్లను రానివ్వలేదు. కొన్ని ఇళ్లు జీతం ఫోన్‌కు పంపాయి, కొన్ని ఇళ్లు పని లేదు కనుక జీతం లేదన్నాయి. మానింది తన ఇష్టంతో కాదని తెలిసి కూడా కోసిన ఆ నెల జీతం చాలామంది ఇప్పటికీ మరిచిపోలేదు.

పండక్కి ఏడాదికోసారి ఒక నెల జీతం బోనసుగా ఇవ్వండి. 4,000 జీతానికి నెలకు 333 చొప్పున పక్కన పెడితే ఏడాదికి సరిపోతుంది. దసరాకా, క్రిస్మస్‌కా, రంజాన్‌కా అన్నది ఆమె పండగను బట్టి ఉండాలి. చీర పెట్టండి, సంతోషమే. చీర ఇచ్చి బోనసు అయిపోయిందనుకోకండి. పాత బట్టలు, మిగిలిన కూరలు ఏవీ జీతం లెక్కలోకి రావు.

అడ్వాన్సు ఇస్తే వడ్డీ వద్దు. ఎంత ఇచ్చారో, నెలకు ఎంత పట్టుకుంటారో ఒక చిన్న నోటుబుక్కులో ఇద్దరి ఎదుట రాయండి. జీతంలో నాలుగో వంతుకు మించి పట్టుకోవద్దు. బాకీ తీరేదాకా మానడానికి వీల్లేదన్న మాట మీ నోట రానివ్వకండి.

జీతం ఐదో తారీఖు దాటకూడదు. ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో పంపేటట్లయితే ఎవరి నంబరుకని ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఆమె కష్టం ఆమె చేతికే అందాలి.

ఇంకో రెండు ఖర్చులు మనవే. ఒకటి సామాను: మాపు, చేతి తొడుగులు, మంచి పీచు. బాత్రూముకు యాసిడ్ ఇవ్వొద్దు. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూములో అది ఊపిరి తీస్తుంది. రెండోది బీమా: బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన్‌జ్యోతి బీమా 436. రెండూ కలిపి 456. యాభై ఏళ్ల లోపు వయసుంటే రెండింటిలోనూ చేరవచ్చు. ఒక్కో దాంట్లో రెండు లక్షల రక్షణ ఉంటుంది. మీరే కట్టి రసీదు ఆమెకివ్వండి.

ఎలా మాట్లాడాలి

లెక్క తేలాక గుమ్మంలో నిలబెట్టి చెప్పకండి. కూర్చోబెట్టి చెప్పండి. నేను మాట్లాడింది దాదాపు ఇలా ఉంది.

"ఇట్లా కూర్చో. నీ జీతం గురించి మాట్లాడాలి."

"ఏమైందమ్మా? పని నచ్చలేదా?" ఆమె మొహంలో రంగు మారింది.

"పని బాగుంది. నేనే ఇన్నాళ్లు తక్కువిచ్చాను. వచ్చే నెల నుంచి నాలుగు వేలు. నెలకు నాలుగు సెలవులు, కోత ఉండదు. బూజులు దులిపితే ఆ రోజు డబ్బులు విడిగా."

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బాసండ్లు ఎక్కువైతున్నయమ్మా, ఆదివారం చుట్టాలొస్తే ముందుగల చెప్పుర్రి, జల్ది వస్త" అంది.

ఆ ఒక్క మాటలో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఆదివారం అంట్లు ఆమెకు ఎప్పటినుంచో కష్టంగానే ఉన్నాయి. జీతం మాట తేలనంతవరకు ఆ సంగతి చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు. మీరు కూడా మీ అంకె చెప్పాక, "నీకెలా ఉంది? ఏదైనా మార్చాలా?" అని అడగండి. అడిగి, నిజంగా వినండి.

ఏటా ఒక నెల

జీతం పెంచే నెల ముందే నిర్ణయించుకోండి. మేము ఉగాది నెల పెట్టుకున్నాం. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, పెంచకుండా వదిలేసిన 4,000తో మూడేళ్ల తర్వాత ఇవాళ్టి 3,360 రూపాయల సరుకే వస్తుంది. పెంచకపోవడమంటే ఏటా కొంచెం కోయడమే. ఏడు శాతం చొప్పున 280, అంటే 300 పెంచితే ఆమె మనల్ని అడగాల్సిన అవసరం రాదు. జీతం పెంచమని అడగడానికి వారాల తరబడి మాట కూడదీసుకునే అవస్థ ఉద్యోగాలు చేసిన మనందరికీ తెలుసు.

మా ఇంట్లో పెంచిన సంగతి చెప్పాక ఇంకో రెండిళ్లవాళ్లు కూడా లెక్కకట్టారు. కొన్ని నెలలకు ఆమె ఆరో ఇల్లు మానేసింది. ఇప్పుడు మూడు లోపలే ఇంటికి చేరుతుందట. చిన్నవాడు బడి నుంచి వచ్చేసరికి తాళం వేసిన తలుపు ఎదురు కావడం లేదని నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో ఉన్న తృప్తి నాకు గుర్తుండిపోయింది.

ఈ వారం మీరు చేయాల్సినవి

1. పనుల జాబితా మూడు గళ్లలో రాయండి.

2. ఒక రోజు మీరే చేసి నిమిషాలు లెక్కపెట్టండి.

3. ఆమె రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో, ఎన్నిళ్లు చేస్తుందో, అద్దె ఎంతో అడగండి.

4. గంట రేటు కట్టి, మీ ఇంటి గంటలతో గుణించండి. వచ్చిన అంకె పక్కన ఇప్పుడిస్తున్న జీతం రాయండి.

5. తేడా ఉంటే వచ్చే నెల ఒకటో తారీఖు లోపల ఆమెను కూర్చోబెట్టి, కొత్త జీతం మీరే ముందుగా చెప్పండి.